ఈ బస్సు ఎవరి లెక్కలోకి వస్తుంది?

2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర, బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న బస్సులో 45 మంది కాలిపోయారు. 2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో, హైదరాబాద్ నుంచి మనవైపు వస్తున్న బస్సులో 19 మంది. అదే 44వ నంబరు హైవే, అదే తెల్లవారుజాము. పన్నెండేళ్లలో నేర్చుకున్నదేమిటి? పైగా రెండో బస్సు నంబరు ప్లేటు ఎక్కడో ఉన్న దాద్రా నగర్ హవేలీ, డామన్-డయ్యూది!

కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ ఎవరి రోడ్డు భద్రతా ప్రణాళిక వాళ్లు రాసుకుంటే ఇలాంటి బస్సు ఎవరి లెక్కలోకి వస్తుంది? ఘోరం జరిగిన వారం ఆర్టీవోల హడావుడి, తర్వాత మామూలే. (ఆ "మామూలు"కి రెండర్థాలూ తీసుకోండి.) మూడు రాష్ట్రాలూ ఈ రూటుకి ఒకే ప్రణాళిక వెయ్యాలి. రాత్రి బస్సు కదిలేముందే ఎమర్జెన్సీ డోరు తెరిచి చూడాలి. సంక్రాంతికి సంఘం మాట్లాడే బస్సుల్లోనైనా మనమే తెరిపించి చూద్దాం. రేటు బేరం ఆ తర్వాత.