కోత పిన్నికి, సంతకం బాబాయిది

మా ఆఫీసులో ప్రొడక్షన్ సర్వర్ మీద ఒక్క లైను మార్చాలన్నా క్లయింటు ఒప్పుకుంటూ మెయిలివ్వాలి. ఏం మారుస్తున్నాం, ఎందుకు, తేడా వస్తే వెనక్కెళ్ళడం ఎలా... అన్నీ ముందే చెప్పి చావాలి. మరి మనిషి ఒంట్లోంచి ఒక అవయవాన్ని శాశ్వతంగా తీసెయ్యాలంటే? బాబాయి సంతకం చాలు!

పోయినేడాది మా పిన్నికి (నలభై రెండేళ్ళు) నెలసరిలో రక్తం మరీ ఎక్కువ పోతోందని మా ఊళ్ళో ఒక నర్సింగ్ హోముకి తీసుకెళ్ళాం. డాక్టరుగారు స్కానింగు చూసి బాబాయి వైపు తిరిగి, "గర్భసంచిలో గడ్డలున్నాయి, తీసేద్దాం. పిల్లలు పెద్దాళ్ళయ్యారుగా, ఇంక దాంతో పనేముంది? ఉంచితే రేపు క్యాన్సరవ్వచ్చు" అన్నారు. పిన్ని ఎదురుగానే కూర్చునుంది. ఆవిడతో అన్నది ఒకటే ముక్క: "పొద్దున్న ఏం తినకుండా రామ్మా."

నర్సు తెచ్చిన ఫారం ఇంగ్లీషులో ఉంది. ఆపరేషన్ పేరు రాయాల్సిన చోట ఖాళీ. మనం సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు చదవకుండా "ఐ అగ్రీ" నొక్కినట్టు బాబాయి సంతకం పెట్టేశాడు. చదవగలిగినవాణ్ణి, నేనూ నోరు మూసుకున్నాను. అండాశయాలు కూడా తీసేశారని డిశ్చార్జి కాగితం చూశాకే తెలిసింది. ఇప్పుడు ఒళ్ళంతా సెగలు, రాత్రిళ్ళు నిద్ర లేదు. "నన్నొక్క మాట అడగలేదేంట్రా?" అంది పిన్ని మొన్న. ఏం చెప్పను?

ఫైబ్రాయిడ్ గడ్డలు క్యాన్సరవ్వడం చాలా అరుదు. మందులున్నాయి, హార్మోను లూపు ఉంది, గడ్డల వరకే తీసే పద్ధతీ ఉంది. అందరికీ అన్నీ పనికిరావు, చివరికి ఆపరేషనే తేలొచ్చు. కానీ ఇవి ఉన్నాయని చెప్పాలా వద్దా?

ఇది మా ఇంటి గోలే అనుకోకండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది!

చట్టం లేదా అంటే, ఉంది. 1995లో ఢిల్లీలో సమీరా కోహ్లీ పరీక్ష కోసమని వెళ్ళారు. ఆవిడ మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ప్రాణం మీదికొచ్చిన పరిస్థితి కానప్పుడు, తెలివిలో ఉండి నిర్ణయించుకోగల పెద్దమనిషి అనుమతి ఆ మనిషే ఇవ్వాలి. కన్నతల్లి సంతకం కూడా చెల్లదు. పరీక్షకి ఒప్పుకుంటే ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు కాదు. లాభమేంటి, ప్రమాదమేంటి, వేరే దారులేంటి, వద్దంటే ఏమవుతుంది... ఇవన్నీ ముందు చెప్పాలి. (నష్టపరిహారం మాత్రం పాతిక వేలే లెండి.)

"ఇంతమంది పేషెంట్లతో అంత టైమెక్కడిది?" అంటారు డాక్టర్లు. బిల్లు గురించి వివరంగా చెప్పడానికి దొరికే టైము దీనికెందుకు దొరకదో!

తప్పంతా వాళ్ళదే అనను. "నాన్నకి జబ్బు పేరు చెప్పకండి డాక్టర్, తట్టుకోలేరు" అనేది మనమే. జీవితమంతా అప్పులు, పెళ్ళిళ్ళు, చావులు తట్టుకున్న మనిషి తన జబ్బు పేరు వినలేడా? తట్టుకోలేనిది ఆయన కాదు, మనం. ఇంట్లోవాళ్ళు అక్కర్లేదని కాదు. పక్కన కూర్చోవాలి, అర్థం కానిది అడగాలి, తెలుగులో విడమర్చి చెప్పాలి. ఆ మనిషి స్పృహలో లేకపోతే వాళ్ళ ఇష్టమేంటో మనమే గుర్తు చెయ్యాలి. అంతే గానీ మనిషి ఎదురుగా ఉండగా ఆ కుర్చీలో మనం కూర్చోకూడదు.

వచ్చే నెల నాన్నని మోకాళ్ళకి చూపించాలి. డాక్టరుగారు నా వైపు తిరిగితే, "ఆయనతో చెప్పండి సార్, మోకాళ్ళు ఆయనవి" అంటాను. తిడితే తిట్టనీ. పిన్ని దగ్గర అనాల్సిన మాట అది, ఏడాది లేటయ్యింది.