ఎవరి మాట ఎవరు దిద్దాలి?

శృంగవరపుకోటలో గృహహింస చట్టం గురించి పెట్టుకున్న ఒక సమావేశంలో జరిగింది ఇది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ముప్ఫై మంది దాకా ఆడవాళ్ళు వచ్చారు. అరవై దాటిన ఒక మామ్మ లేచి నిలబడి, "నాను ముండమోసీసరికి నాకు ఇరవై రెండేళ్ళు, సంకలో గుంట..." అని మొదలుపెట్టింది. అక్కడే ఆమెని ఆపేశారు. "మామ్మా, ఆ మాట వాడకూడదు. మనల్ని మనమే కించపరుచుకోకూడదు. ఒంటరి మహిళ అనాలి. ఆడపిల్లని గుంట అని కూడా అనకండి" అని చెప్పారు. మామ్మ ఒక నిమిషం అలాగే చూసి, "నానొంటరిదాన్నేటమ్మా? అత్తుండీది, మరిదుండీవోడు, పిల్లున్నాది" అంది. అందరూ నవ్వారు. "మాటలు రానిదాన్ని, నన్నొగ్గీండి" అని కూర్చుండిపోయింది. ఆ తర్వాత రెండు సమావేశాలకి రాలేదు.

అలా ఆపిన మనిషిని నేనే.

నేను పుట్టి పెరిగింది కృష్ణా జిల్లాలో. ఈ ప్రాంతంలో ఆడపిల్ల గుంట, మగపిల్లవాడు గుంటడు, రెండూ ముద్దు మాటలే అని నాకు అప్పటికి సరిగ్గా తెలియదు. శిక్షణా తరగతుల్లో నేర్చుకున్న మాటల జాబితా మాత్రం బాగా తెలుసు. మామ్మ ఆ రోజు చెప్పబోయింది తన కథ కాదు, ఆ సంకలో గుంట కథ. ఆ పిల్ల ఇప్పుడు నలభై దాటిన మనిషి, మొగుడి చేతిలో దెబ్బలు తింటోంది. ఆ సంగతి మాకు తెలిసేసరికి నాలుగు నెలలు గడిచాయి, ఆమె మణికట్టు విరిగింది.

పొలిటికల్ కరెక్ట్‌నెస్ అనే మాట 1990ల్లో అమెరికా విశ్వవిద్యాలయాల వాదోపవాదాల నుంచి మన పత్రికల్లోకి వచ్చింది. దాన్ని ఎగతాళి చేసేవాళ్ళే ఎక్కువ. "ఇక నోరు తెరవాలంటే భయం, ఏమన్నా తప్పే" అని ఆఫీసుల్లో మగవాళ్ళు మన ముందే నవ్వుతుంటారు. మామ్మ సంగతి చెప్పాను గదా అని నన్ను వాళ్ళ పక్షంలో కలుపుకోవద్దని ముందే మనవి. మాటల్లో ఏముంది అనేవాళ్ళు తమ పేరు చివర గారు లేకపోతే ఎంత నొచ్చుకుంటారో మనకి తెలియంది కాదు.

అసలు మన భాష నిర్మాణమే చూడండి. ఆవు వచ్చింది, బస్సు వచ్చింది, లక్ష్మి వచ్చింది. రాముడు మాత్రం వచ్చాడు. 1858లో వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణం మహత్తు అనే వర్గాన్ని నిర్వచించేటప్పుడు ఆడవాళ్ళనీ, జంతువులనీ, ప్రాణం లేనివాటినీ ఒకే వరసలో పక్కన పెట్టింది. ఆయన కల్పించింది కాదు, జనం మాట్లాడే తీరే అది. కానీ బహువచనంలో సంగతి మారిపోతుంది. ఆవులు వచ్చాయి, బస్సులు వచ్చాయి, ఆడవాళ్ళు మాత్రం వచ్చారు. విడిగా ఉన్నంతసేపూ ఆవు సరసన నిలబెట్టిన భాష, నలుగురం కలిసి వెళితే మనుషుల్లో చేరుస్తుంది! సంఘం పెట్టుకోమని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మండలాఫీసులో పాతికేళ్ళ కుర్రవాడు ఉద్యోగంలో చేరితే మర్నాటి నుంచే "సారు వచ్చారు". ఇరవై ఏళ్ళ సర్వీసున్న కార్యకర్త వస్తే "అంగన్‌వాడీ వచ్చింది". ఆవిడకి పేరు కూడా లేదు. ఇది దిద్దాల్సిందే, దిద్దినా ఎవరి నోరూ మూతపడదు.

కోర్టుల్లో, స్టేషన్లలో, పత్రికల్లో వాడే మాటల సంగతి ఇంకా తీవ్రమైంది. మానభంగం అన్నప్పుడు నేరం చేసినవాడు వాక్యంలోంచి తప్పుకుంటాడు, పోయిన మానం లెక్క ఆడదాని ఖాతాలో పడుతుంది. "పిల్ల పాడైపోయింది" అన్నా అంతే. అత్యాచారం అనే మాట వాడుకలోకి వచ్చినా మానభంగం పూర్తిగా పోలేదు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు, ఆడవాళ్ళ గురించి పాతుకుపోయిన భావాలనీ మాటలనీ వదిలించుకోవడానికి న్యాయమూర్తుల కోసం ఒక చేతిపుస్తకం విడుదల చేసింది. ఈవ్ టీజింగ్ అనొద్దు, వీధిలో జరిగే లైంగిక వేధింపు అనండి అంది. టీజింగ్ అంటే అల్లరి, అల్లరికి కేసేమిటి అనే వాదన ఎన్నేళ్ళు విన్నామో గుర్తు చేసుకుంటే ఈ మార్పు విలువ తెలుస్తుంది. ఉంపుడుగత్తె లాంటి మాటలు కూడా వద్దంది. (ఉంచుకున్నవాడికి మన భాషలో పేరే లేదు, గమనించారా?) హౌస్‌వైఫ్ బదులు హోమ్‌మేకర్ అనమంది గానీ తెలుగులో రెండూ గృహిణే కాబట్టి మనకి ఒరిగిందేమీ లేదు. ఇంతా చేసి, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత మాత్రం తన 74వ సెక్షన్‌లో 1860 శిక్షాస్మృతి నాటి మోడెస్టీ అనే మాటనే అట్టిపెట్టింది. ఇక్కడ మాట దిద్దడమంటే చట్టాన్ని దిద్దడమే.

మరి మాట మార్చినంత మాత్రాన అన్నీ మారతాయా అంటే, మార్చింది ఎవరన్నది చూడాలి. ప్రభుత్వానికి పేరు మార్చడమంత చవకైన పని ఇంకోటి లేదు. మన రాష్ట్రంలో వికలాంగుల సంక్షేమ శాఖ విభిన్న ప్రతిభావంతుల శాఖ అయింది. కేంద్రం 2015 నుంచి దివ్యాంగులు అంటోంది. మా సంఘంలో పోలియో వచ్చిన ఒకమ్మాయి ఉంది. "నాకే దివ్యశక్తీ లేదక్కా, బస్సు మెట్టు ఎత్తు తగ్గిస్తే చాలు" అంటుంది. పింఛన్ల కోసం వీధికెక్కి పోరాడిన వికలాంగుల హక్కుల పోరాట సమితి తన పేరులో ఆ పాత మాటనే ఉంచుకుంది. పాకీ పని చేసేవాళ్ళని పారిశుద్ధ్య కార్మికులన్నాం, 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం చేసుకున్నాం. మనుషులు డ్రైనేజీ గుంతల్లో దిగి ఊపిరాడక చనిపోవడం ఆ తర్వాత కూడా ఆగలేదు.

దీనికి పూర్తి భిన్నంగా జరిగిన సంగతి కూడా మన రాష్ట్రంలోనే ఉంది. గాంధీ ప్రచారంలోకి తెచ్చిన హరిజన అనే పేరుని దళితులే కాదన్నారు. మేం దేవుడి పిల్లలమైతే మిగతావాళ్ళు ఎవరి పిల్లలని అడిగారు. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం ఇంకో అడుగు ముందుకేసింది. తరతరాలుగా తిట్టుగా వాడిన కులం పేరుని వందలాది మంది తమ పేరు చివర తగిలించుకున్నారు. అదే పేరు పెట్టి ఇంకొకడు నలుగురిలో దూషిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. మాట ఒక్కటే. ఇందులో వైరుధ్యం ఉందనేవాళ్ళకి ఆ మాటని ఎవరు ఎవరి మీద విసిరారో గుర్తులేదన్నమాట. ఈ మధ్య మైదానం వాళ్ళు కొండోళ్ళని గిరిజనులంటూ మర్యాదగా పిలవడం నేర్చుకున్నారు, సంతోషం. ఎస్.కోట కొండల మీద ఉండే కొండదొరల కులం పేరులోనే దొర ఉంది. ఆ దొరల ఇళ్ళలో పురిటి నొప్పులొస్తే డోలీ కట్టి కిందికి మోసుకురావాల్సిన ఊళ్ళ గురించి పత్రికల్లో ఎన్నిసార్లు చదివామో.

మన స్వచ్ఛంద సంస్థల గురించి కూడా ఒక మాట. వెధవ అంటే విధవ అని, అది ఇంట్లో మగపిల్లల మీద కూడా తిట్టుగా వాడకూడదని మనం చెప్పడం సబబే. మొగుడు పెళ్ళాన్ని ముండ అని తిడుతూ ఇది మా యాస అంటే ఒప్పుకోనక్కర్లేదు. కానీ మామ్మ ఆ మాట ఎవర్నీ తిట్టడానికి వాడలేదు. లోకం తనని ఏమందో అది చెప్పింది. దాని స్థానంలో నేనిచ్చిన ఒంటరి మహిళ పింఛను దరఖాస్తులో ఒక గడి పేరు. అందులో ఆమె ఇరవై రెండో ఏడు లేదు, సంకలో గుంట లేదు. గిడుగు రామమూర్తి పుట్టిన గడ్డ ఇది. ఈ జిల్లాల నుంచే ఆయనా గురజాడా జనం మాట్లాడే భాషలో రాయాలని పండితులతో తలపడ్డారు. 1892లో విజయనగరంలో ఆడిన కన్యాశుల్కంలో మనుషులు ఎవరి భాష వాళ్ళు మాట్లాడారు. అలాంటి చోట సాధికారత, భాగస్వామ్యం, లబ్ధిదారులు అంటూ మనం కొత్త గ్రాంథికం మోసుకొచ్చి, అది రానివాళ్ళని కూర్చోబెడుతున్నాం. తాము మాట్లాడితే తప్పవుతుందని భయపడే ఆడవాళ్ళకి ఆ భయం ఇంట్లో చాలినంత ఉంది.

కూతురి చెయ్యి విరిగాక మామ్మ మళ్ళీ వచ్చింది. ముగ్గురం కలిసి స్టేషన్‌కి వెళ్ళాం, ఏ స్టేషనో చెప్పను. రాసే ఆయన రాసింది పైకి చదివాడు. "భార్యాభర్తల మధ్య చిన్న మనస్పర్థ కారణంగా..." అని ఉంది. నేను సెక్షన్ల గురించి ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను. మామ్మ బల్ల దగ్గరికి జరిగి, "అది మనస్పర్థ కాదు బావూ, నా గుంట సెయ్యి ఇరగ్గొట్టీసినాడు. అదే రాయి" అంది. ఆయన కొట్టేసి మళ్ళీ రాశాడు.