నూనె చుక్క పుట్టిల్లు

క్రిందటి సంచికలో బ్యాంకు ఖాతాల నామినేషన్ల గురించి రాస్తే, "ఎప్పుడూ డబ్బు సంగతులేనా అన్నయ్యా, ఇంకేమైనా రాయండి" అని ఇద్దరు సోదరీమణులు ఫోను చేసి చెప్పారు. వారి మాట మన్నించి ఈసారి మోటారు బండి జోలికి వెళ్తున్నాను. బి.కామ్. చదివినవాడికి ఇంజనుతో ఏం పని అనకండి. కోయంబత్తూరులో పుట్టి పెరిగినవాడికి ఇంజను చప్పుడు ఉగ్గుపాలతోనే అబ్బుతుంది.

బరంపురం, షోలాపూరు, యానాంలలో ఈ పత్రిక చదివేవారి కోసం మా ఊరి సంగతి రెండు ముక్కలు చెబుతాను. 1893లో ఇక్కడికి దగ్గరి కలంగల్ గ్రామంలో తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు గారు ఒక మోటారు సైకిలు కొని, దాన్ని ముక్కలుగా ఊడదీసి, మళ్ళీ బిగించి యంత్రవిద్య నేర్చుకున్నారు. 1920లో పొల్లాచ్చి, పళని ఊళ్ళ మధ్య ఒకే ఒక బస్సుతో సర్వీసు మొదలుపెట్టారు. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ గారు మారుతి 800 ఇంజను పెట్టి తక్కువ ఖర్చులో పందెపు కార్లు తయారు చేశారు. 1995లో చిన్న విమానం కూలి ఆయన పోయారు. చెట్టిపాళయం దగ్గర 2003లో తెరిచిన రేసు ట్రాకుకు ఆయన పేరే పెట్టుకున్నాం. 2005లో ఫార్ములా వన్ పందేలలో దిగిన మొదటి భారతీయుడు నరేన్ కార్తికేయన్ కూడా ఈ ఊరివాడే.

మా బావగారికి ఇక్కడ చిన్న వర్క్‌షాపు ఉంది. ముప్పై ఏళ్ళు దాటింది. ఇంట్లో తెలుగు, షాపులో తమిళం, ఇంజనుతో మాత్రం ఏ భాషా లేకుండా చెవి ఆనించి మాట్లాడుకునే మనిషి. సెలవు రోజుల్లో ట్రాకు మీద సరదాగా బండి నడిపే కుర్రాళ్ళు ఆయన దగ్గరికే వస్తారు. మా మేనల్లుడు మెకానికల్ డిప్లొమా చేసి తండ్రి పక్కనే పని చేస్తున్నాడు. అయితే హోసూరు వైపు కరెంటు బండ్ల కంపెనీలలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడనీ, తండ్రికి చెప్పలేదనీ మా అక్కయ్య నా చెవిన వేసింది.

ఆ రోజుల్లోనే షాపుకు ఒక మొండి కేసు వచ్చింది. ఇరవై ఏళ్ళ నాటి కారు, 1.5 లీటర్ల పదహారు వాల్వుల పెట్రోలు ఇంజను, కుర్రకారు మోజుపడే రకం. కంపెనీ పేరు అనవసరం, దోషం వాళ్ళది కాదు. బండి నిలబెట్టిన చోటల్లా కింద నూనె చుక్కలు. ఇంజను అడుగున నూనె నిలవ ఉండే రేకు తొట్టిని మన మెకానిక్కులు ఆయిల్ ఛాంబర్ అంటారు. ఆ ఛాంబర్ అంచు తడిగా ఉంది కాబట్టి ప్యాకింగ్ పోయిందని బావగారు మార్చారు. పది రోజుల్లో మళ్ళీ చుక్కలు. రెండోసారి మార్చి బోల్టులు ఇంకాస్త గట్టిగా బిగించారు. మూడోసారి సీలెంటు ఎక్కువ పూసి, ఇంకా గట్టిగా బిగించారు. నాలుగోసారి ఆ కారు కుర్రవాడు వచ్చి, "అన్నా, ఈసారి కారితే వేరే చోటికి తీసుకుపోతాను" అని మెల్లగానే అన్నాడు. మెల్లగా అన్నాడు గనుకే బావగారికి ఎక్కువ తగిలింది.

ఇల్లు మరకవుతుందన్న బాధ ఒకటే అయితే గోనెపట్టా పరిచి ఊరుకోవచ్చు. ట్రాకు మీద అలా కాదు. ఇంజను గంటల తరబడి పై చుట్లలో తిరుగుతుంది, నూనె బాగా వేడెక్కి పల్చబడుతుంది. కారే నూనె కాలుతున్న సైలెన్సరు గొట్టం మీద పడితే పొగ, ఒక్కోసారి మంట. రోడ్డు మీద పడితే వెనక వచ్చేవాడి టైరు జారుతుంది. అలాంటి చోట మార్షల్ పసుపు, ఎరుపు చారల జెండా చూపించేది అందుకే. పందేనికి ముందు తనిఖీలో నూనె కారే బండిని లోపలికి రానివ్వరు.

ఆ శనివారం మధ్యాహ్నం నేను షాపులోనే ఉన్నాను. బావగారు నాలుగోసారి ఛాంబర్ దింపబోతుంటే మేనల్లుడు అడ్డొచ్చాడు.

"నాన్నా, ఇప్పుడే విప్పొద్దు. ముందు కడిగి చూద్దాం."

"కళ్ళకు కనిపిస్తుంటే ఇంకా చూసేదేముందిరా?"

"కింద కనిపిస్తోంది. పైనుంచి రావచ్చుగా?"

బావగారు పానా బల్ల మీద పెట్టి, "సరే, నీ చదువు ఏం చెబుతుందో చూద్దాం" అని టీకి వెళ్ళిపోయారు. కోపంగానే వెళ్ళారు.

అబ్బాయి ఇంజను వెనక, ముందు, అడుగు అంతా డీజిలుతో, బ్రష్షుతో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టాడు. తర్వాత ఇంట్లో ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చి, అనుమానమున్న అతుకులన్నిటి మీదా పల్చగా చల్లాడు. ఇంజను సంక్రాంతి ముగ్గులా తయారైంది. బండిని అరగంట తిప్పి తెచ్చి టార్చి వేసి చూపించాడు. ఇంజను నెత్తిన టాపెట్ కవర్ వెనక మూల దగ్గర తెల్లటి పౌడరు మీద సన్నటి నల్ల గీత మొదలై, ఇంజను వీపు మీదుగా దిగి, ఛాంబర్ అంచు పట్టుకుని ముందుకు పాకి, అన్నిటికన్నా కిందనున్న బోల్టు దగ్గర చుక్కగా మారుతోంది. చుక్క పుట్టిల్లు ఒకటి, మెట్టినిల్లు ఒకటి.

అంతటితో అయిపోలేదు. ఛాంబర్ అంచు మీద కూడా రెండు బోల్టుల నడుమ పౌడరు తడిసింది. అంటే కారేది రెండు చోట్ల. అప్పుడు అబ్బాయి ఇంజను నిదానంగా తిరుగుతుండగా నూనె పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద పల్చటి కాగితం ముక్క పెట్టాడు. మంచి ఇంజను ఆ కాగితాన్ని కొద్దిగా లోపలికి పీల్చుకోవాలట. ఇది పైకి ఎగరగొట్టింది. అసలు ముద్దాయి అక్కడ దొరికాడు. సిలిండర్లలోంచి పిస్టన్ల పక్కగా కొంత వాయువు కిందికి జారడం ప్రతి ఇంజనులోనూ ఉంటుంది, పై చుట్లలో ఇంకా ఎక్కువ. ఆ వాయువును తిరిగి లోపలికి పంపించే చిన్న పి.సి.వి. వాల్వు మసిపట్టి మూసుకుపోయింది. పోయే దారి లేక ఒత్తిడి పెరిగి, ఎక్కడ అతుకు బలహీనంగా ఉందో అక్కడ నూనెను బయటికి నెడుతోంది. ఆ వాల్వు తీసి చెవి దగ్గర ఊపితే లోపల గలగలమనాలి. ఇది మూగబోయింది.

టీ తాగి వచ్చిన బావగారు కాగితం సంగతి రెండుసార్లు చేయించుకుని చూశారు. ఏమీ అనలేదు. కొత్త వాల్వు, టాపెట్ కవర్ ప్యాకింగు తెప్పించమని కుర్రాడిని పంపి, తానే ఛాంబర్ దింపారు. మూడుసార్లు గట్టిగా బిగించడం వల్ల రేకు అంచు ప్రతి రంధ్రం దగ్గరా గుంటపడి, నడుమ లేచిపోయింది. ఇక్కడ మాత్రం చదువు పనికి రాలేదు. కర్రదిమ్మె మీద అంచు ఆనించి, చిన్న సుత్తితో తడుతూ, ఇనుప స్కేలు పెట్టి చూసుకుంటూ, గంటసేపట్లో దాన్ని సమంగా తెచ్చారు బావగారు. ఆ చెయ్యి ముప్పై ఏళ్ళది. మేనల్లుడు పక్కన కూర్చుని చూశాడు.

తక్కిన పని ఇద్దరూ కలిసి చేశారు. రెండు వైపులా పాత సీలెంటు ముక్క మిగలకుండా, అల్యూమినియం మీద గీత పడకుండా గీకి, జిడ్డు పూర్తిగా తుడిచారు. సీలెంటు మూడు నాలుగు మిల్లీమీటర్ల తీగలా, బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా పెట్టారు. ఇంజను దిమ్మె, ముందు కవరు కలిసే మూలల్లో అదనంగా ఒక బొట్టు. ఆరిపోకముందే ఛాంబర్ ఎక్కించి, నడుమ నుంచి చివరలకు, అటొకటి ఇటొకటిగా, టార్క్ పానాతో పుస్తకంలో చెప్పినంతే బిగించారు. ఇలాంటి ఆరు మిల్లీమీటర్ల బోల్టులకు సుమారు పది న్యూటన్ మీటర్లు చాలు, అంటే మణికట్టు బలమే తప్ప భుజబలం అక్కరలేదు. ఒక పగలూ రాత్రీ ఆరనిచ్చాకే నూనె పోశారు.

మా బ్యాంకులో లెక్క కలవకపోతే ఆ తేడాను తాత్కాలికంగా సస్పెన్స్ ఖాతాలో వేస్తాం. సాయంత్రానికి తాళాలు వేసుకోవచ్చు గానీ తేడా పోదు, ఎక్కడో వోచరులో పడుకుని ఉంటుంది. మూడుసార్లు మార్చిన ప్యాకింగు అలాంటి ఖాతాయే. ఇళ్ళల్లోనూ ఇది చూస్తుంటాం. కొడుకు మాట్లాడడం లేదని కొడుకునే బిగిస్తాం. లోపల ఒత్తిడి ఎక్కడ మూసుకుపోయిందో చూడం.

మీ బండి కింద మరక కనిపిస్తే కంగారు పడకండి. రాత్రి ఒక అట్టముక్క పరిచి పొద్దున రంగు చూడండి. ఎ.సి. నుంచి పడేది మంచినీళ్ళలా ఉంటుంది, దానికి వైద్యం అక్కరలేదు. గోధుమ రంగో నలుపో అయి జిడ్డుగా ఉంటే ఇంజను నూనె. డిప్‌స్టిక్ తీసి మట్టం చూడండి. డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి నూనె దీపం వెలిగితే ఒక్క గజం కూడా నడపకండి. ఛాంబర్ విప్పాలని ఎవరైనా అంటే, ముందు కడిగి, పౌడరు చల్లి చూపించమని మర్యాదగా అడగండి.

ఆ కారు వానాకాలం దాటి మూడుసార్లు ట్రాకు మీద తిరిగింది, అట్టముక్క పొడిగానే ఉంది. ఇక మా మేనల్లుడి సంగతి. హోసూరు నుంచి ఉత్తరం వచ్చింది. ఈసారి తానే తండ్రికి చూపించాడు. బావగారు చదివి, "కరెంటు బండికి ఆయిల్ ఛాంబర్ ఉండదటగా, మరి అక్కడ ఏం నేర్చుకుంటావు?" అని అడిగారు. అబ్బాయి చెప్పడం మొదలుపెట్టాడు. రాత్రి పదకొండింటి దాకా ఇద్దరూ మాట్లాడుతూనే ఉన్నారని అక్కయ్య మర్నాడు ఫోనులో చెప్పింది. వెళ్తాడో ఉంటాడో ఇంకా తేలలేదు. తేలకపోయినా ఆవిడ గొంతులో దిగులు లేదు.

వచ్చే సంచికలో మళ్ళీ బ్యాంకుకే వస్తాను. లాకరు తాళంచెవి పోతే ఏం చేయాలో రాయమని ఒకరు అడిగారు. అందాకా సెలవు.