పేరు తెలిసిన చాలునా?

పువ్వు పేరు చెప్పగలిగినంతమాత్రమున పువ్వును గుర్తించినట్లు కాదని మా అభిప్రాయము. ఇందుకొక ఎడారి పువ్వే చక్కని తార్కాణము.

అమెరికా నైరుతి భాగమునందలి మొహావీ, సొనోరా ఎడారులలో, వానలు బాగుగా కురిసిన యేటి వసంతమున ఇసుకనేలలపై తెల్లని పెద్దపూలు విరివిగా పూచును. వీనిని ఆంగ్లమున ‘ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్’ అందురు. శాస్త్రనామము ఈనోథెరా డెల్టాయిడిస్. ఆంగ్లనామమును నమ్మినవాడు మోసపోవును. అసలు ప్రిమ్‌రోజు వేరొక కుటుంబములోనిది. దాని రేకులు ఐదు, దీనివి నాలుగు.

పోనీ, సాయంకాలము పూచుటయే గుర్తందమా? మన పెరటి చంద్రకాంతయు సంజవేళనే విచ్చును. కాని అందు రేకులవలె కనబడునది నిజమునకు రక్షకపత్రావళియే. రంగు గుర్తందమా? ఈ ఎడారి పువ్వు రాత్రి తెల్లగానుండి, మరునాడు వాడునప్పుడు గులాబివన్నెకు తిరుగును.

మరి గుర్తెక్కడ? పువ్వు నిర్మాణములో. రక్షకపత్రములు నాలుగు, ఆకర్షకపత్రములు నాలుగు, కేసరములు ఎనిమిది. అండాశయము పువ్వునకు దిగువనుండును. కీలాగ్రము నాలుగు పాయలుగా చీలి శిలువను పోలును. ఆ ఎడారులలోనే దీని దగ్గరి చుట్టములగు చిన్నపూల మొక్కలు కొన్ని కలవు. వాని కీలాగ్రము గుండ్రని బొడిపెవలె నుండును. ఎండిన పిమ్మట కొమ్మలు పైకి వంగి పక్షిపంజరమువలె నగుట మరియొక ఆనవాలు.

ఇంతయు తెలుగులోనే చెప్పితిమి. ఎక్కడనైన లోటు కనబడినదా? తెలుగున చదివిన పిల్లలకు శాస్త్రము పట్టుబడదని వెరచు తల్లిదండ్రులు మనలో కలరు. పైచదువులకు ఈ రాష్ట్రపు భాషయు, ఆంగ్లమును అవసరమే. వానిని శ్రద్ధగా నేర్వవలసినదే. కాని కంటితో చూచినదానిని ఇంటిభాషలో చెప్పలేని బాలుడు, పరభాషలో పేరును వల్లించునే గాని వస్తువు నెరుగడు.

విద్యార్థులారా! వరిచేల తడినేలలలో పసుపుపచ్చని పూలు పూచు లుడ్విజియా మొక్కలు ఈ ఎడారి పువ్వు కుటుంబములోనివే. ఒక పువ్వు తెచ్చి, పేరడుగుటకు ముందే రేకులు లెక్కించుడు. అండాశయ మెక్కడనున్నదో చూడుడు. చూచినది మీ మాటలలో వ్రాయుడు. పేరు ఆపై ఏ భాషలోనైన నేర్వవచ్చును.