దొరగారి కోటా, మా తొట్టి ఇల్లూ

పోయిన నెల ఈ పుటలో రాగి సంగటిని గురించి వ్రాస్తే కొందరు మెచ్చుకొన్నారు. ఒక పెద్దమనిషి మాత్రం సంఘం మెట్ల మీద మమ్ములను నిలబెట్టి, "ఎంతసేపూ తిండి గోలేనా, ఇంకేమీ లేదా?" అని అడిగినారు. కనుక ఈ నెల ఇళ్ల సంగతి. ఇదిన్నీ మేము ఏరికోరి ఎత్తుకొన్నది కాదు; ఉగాది నాడు మా ఇంటిలోనే తగువుగా పుట్టినది.

అత్తిముగంలో మా తాతల నాటి తొట్టి ఇల్లు ఒకటి ఉన్నది. ఈ సీమ పాఠకులకు తొట్టి ఇల్లంటే చెప్పనక్కర లేదు గాని, పట్నాలలో పుట్టి పెరిగిన పిల్లల కోసం రెండు మాటలు. వీధి వైపు అరుగు, గడప దాటితే నడవ, నడవ దాటితే ఆకాశం. అంటే ఇంటి నడిబొడ్డున కప్పు లేని తొట్టి. దాని నాలుగు వైపులా వాలు కప్పు, నాటు పెంకులు, ఆ కప్పును మోసే ఎనిమిది కొయ్య స్తంభాలు. వాన పడితే నీరు నాలుగు చూర్ల నుండి తొట్టిలోకి దిగి, తూము గుండా వీధిలోకి పోతుంది. ఎండా, గాలీ, వెన్నెలా, దాయాదుల గొడవలూ అన్నీ ఆ తొట్టిలోనే. మా అవ్వ వడియాలు ఎండబెట్టినదీ, మా మేనత్త పెండ్లి జరిగినదీ అక్కడే.

ఇప్పుడు ఆ ఇంటిలో కాపురం లేదు. ఆఫీసు ఉద్యోగం మూలాన మేము హోసూరులో ఉన్నాము. తమ్ముళ్లు బెంగుళూరులో ఉన్నారు. ఉగాదికి అందరమూ చేరినప్పుడు మా చిన్నాయన కొడుకు ఒక బేరం తెచ్చినాడు. ఎవరో విడిది హోటలు కట్టేవారికి పాత స్తంభాలూ, పాత తలుపులూ కావలెనట. "అన్నా, కప్పు ఎట్లాగూ కారుతున్నది. ఇంకా రెండు వానలు పడితే స్తంభాలు కూడా చెదలపాలే. ఇప్పుడు ఇచ్చేస్తే డబ్బన్నా మిగులుతుంది" అన్నాడు. వాడి మాటలో తప్పేమీ లేదు. అదే మాకు కష్టంగా ఉన్నది. తప్పుంటే నాలుగు కేకలు వేసి ఊరుకొని ఉందుము.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. హోసూరులో బ్రెట్ దొర కట్టించిన ఇల్లు మనసులో మెదిలినది. చిన్నప్పుడు సంతకు తీసుకొని పోయినప్పుడెల్లా మా నాయన ఆ కథ చెప్పేవాడు.

హోసూరు కోటను 1791లో కారన్‌వాలిస్ దొర సేనలు టిప్పు సుల్తాను మనుషుల చేతిలో నుండి తీసుకొన్నవి. 1799లో టిప్పు పడిపోయిన మీదట ఈ సీమ కుంఫిణీ వారిదై, సేలం జిల్లాలో కలిసినది. సేలంలో ఎండ మండిపోతుంది. హోసూరు మాత్రం సముద్రమట్టానికి మూడువేల అడుగులకు కాస్త తక్కువ ఎత్తున ఉన్నది. పైగా బెంగుళూరు దండుకు పాతిక మైళ్లు. దొరలకు ఇంతకంటె ఏమి కావలెను? సబ్‌కలెక్టరు కచ్చేరి ఇక్కడ వెలిసినది. పందొమ్మిదో శతాబ్దపు నడుమ సేలం జిల్లాకు కలెక్టరుగా ఉండిన బ్రెట్ దొర ఇక్కడ ఇల్లు కట్టించుకొన్నాడు. మామూలు బంగళా అయితే మనకు గుర్తుండేదే కాదు. ఇంగ్లండులోని కెనిల్వర్త్ అనే కోట మాదిరిగా, ఆ పేరుతోనే కట్టించినాడు.

ఎందుకు కట్టించినాడంటే మన ఊళ్లలో ఒక కథ ఉన్నది. దొర పెండ్లాడదలచిన పిల్ల ఆ సీమదట. పుట్టింటి కోటను విడిచి రానన్నదట. సరే, ఆ కోటనే ఇక్కడికి తెస్తానని దొర అప్పుచేసి కట్టినాడట. తీరా చూస్తే ఆమె రానే లేదట. ఈ కథ చెప్పినప్పుడు మా నాయన ప్రతిసారీ, "అప్పు మాత్రం వచ్చింది" అని ముగించేవాడు. ఆఫీసు లెక్కలు చూచే మాకు ఇప్పుడు ఆ మాట బాగా అర్థమవుతున్నది.

మరి ఆ అసలు కెనిల్వర్త్ ఏమిటి? వార్విక్‌షైరు జిల్లాలో, 1120ల నాటిది. ఎర్ర ఇసుకరాతితో కట్టిన బలమైన కోట. ఏటికి అడ్డకట్ట వేసి చుట్టూ ఒక పెద్ద చెరువునే నిలిపినారు. 1266లో రాజుగారి సేనలు ముట్టడివేసి ఆరు నెలలు కాచుకొన్నా గోడలు లొంగలేదు. లోపలివాళ్ల కడుపులు లొంగినవి. తరువాత వంద సంవత్సరాలకు కాలం మారినది. యుద్ధం కంటె విందు ముఖ్యమైనది. గాంట్ జాన్ అనే రాజకుమారుడు అందులో ఒక గొప్ప సభామందిరం కట్టించినాడు. కిటికీలు పెద్దవైనవి, పొయ్యిలు గోడలోకి పోయినవి. 1563లో ఎలిజబెత్ రాణి దానిని తన ఆప్తుడైన రాబర్ట్ డడ్లీకి ఇచ్చినది. అతడు రాణి బస కోసం అద్దాల కిటికీలతో ఒక కొత్త భవనమే లేవదీసినాడు. 1575లో ఆమె వచ్చి పంతొమ్మిది రోజులు ఉన్నది. ఆ విందుల ఖర్చు తలచుకొంటే మా మేనత్త పెండ్లి ఖర్చు మాకు చాలా చిన్నదిగా తోస్తున్నది.

ఫిరంగిని ఆపవలసిన గోడకు కిటికీ పెట్టినారంటే దాని అర్థమేమి? ఇక అది కోట కాదు, ఇల్లు. ఇంగ్లీషువారి పల్లె భవనాలలో చాలా వాటి కథ ఇదే. మనకూ వారికీ ఒక్కటే తేడా. వారు ఇంటిని నడుమ పెట్టి తోటను చుట్టూ పెట్టుకొన్నారు, దూరం నుండి వచ్చేవాడు చూచి బెదరవలెనని. మనము బయట మట్టిగోడ చూపించి ఆకాశాన్ని లోపల దాచుకొన్నాము.

ఆ వైభవమూ నిలువలేదు. అంతర్యుద్ధం ముగిసిన మీదట 1649లో పార్లమెంటు వారు, మళ్లీ ఎవడూ దానిలో దాగి పోట్లాడకుండా, ముఖ్యమైన బురుజు గోడ ఒకటి కూల్చి చెరువు నీరు వదలిపెట్టినారు. కూల్చడానికి వచ్చిన సైనికాధికారే సింహద్వారపు కట్టడంలో కాపురం పెట్టినాడు. తక్కిన చోట వ్యవసాయం. 1821లో వాల్టర్ స్కాట్ ఆ కోట పేరుతోనే నవల వ్రాసినాడు. ఆ నవలతో జనం బళ్లు కట్టుకొని ఆ శిథిలాలను చూడబోయినారు. అంటే బ్రెట్ దొర నమూనా తీసుకొన్నాడే, ఆ ఇల్లు అప్పటికే రెండువందల ఏండ్లుగా పాడుపడి ఉన్నది!

గుమాస్తాలము గనుక మాకు ఇది కాగితాల పనిగా కనిపిస్తున్నది. మూలం చూచి నకలు వ్రాయవలెను. ఇక్కడ మూలమే చినిగినది. నకలు కూడా చినిగినది. హోసూరు కెనిల్వర్త్ ఈనాడు శిథిలం. కలెక్టర్లు పోయినారు, జిల్లాలు మారినవి (సేలం నుండి 1965లో ధర్మపురి, ధర్మపురి నుండి 2004లో కృష్ణగిరి), ఊరు ఫ్యాక్టరీలతో పెరిగి 2019లో కార్పొరేషను అయినది. ఆ ఇంటికి మాత్రం ఎవరూ ఒక పని చెప్పలేదు.

మూలానికి పని దొరికినది. 1937లో ఒక మోటారు కార్ల వ్యాపారి దానిని కొన్నాడు. ఆయన కొడుకు 1958లో ఊరివారికే ఇచ్చివేసినాడు. 1984లో పురాతన కట్టడాలను చూచే అప్పటి ప్రభుత్వ సంస్థ చేతికి వచ్చినది. 2009లో డడ్లీ నాటి తోటను తిరిగి నాటినారు. పాడుపడిన గోడలే టిక్కెట్టు పెట్టి అన్నం తింటున్నవి.

తెలుగు దేశంలో దీనికి ఎదురుగా నిలబెట్టవలసిన ఇల్లు హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ. 1803 ప్రాంతంలో కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు దొర దాని పని మొదలు పెట్టించినాడు; కట్టినవాడు శామ్యూల్ రస్సెల్ అనే సైనిక ఇంజనీరు; డబ్బు నిజామువారిది. ముందు పొడుగాటి స్తంభాలు, మెట్లకు ఇరువైపులా రెండు సింహాలు, లోపల దర్బారు హాలు, అచ్చంగా ఇంగ్లండు పల్లె ప్రభువుల భవనం. ఈ దొర ఖైరున్నిసా అనే హైదరాబాదు కులీన కన్యను పెండ్లాడినాడు. ఆమెకు ఘోషా, ముందు వైపుకు వచ్చి ఆ ఇంటిని చూచే వీలు లేదు. అందుకని ఆమె ఉండే తోటలో ఆ ఇంటి బొమ్మనే చిన్నదిగా కట్టించినాడంటారు. హోసూరు దొర భార్య కోసం ఇంగ్లండును ఇక్కడ దించబోతే, హైదరాబాదు దొర భార్య కోసం పెద్ద ఇంటిని చిన్నది చేసినాడు. 1805లో ఆయన కలకత్తాలో పోయినాడు. ఆమె ఉండిన రంగమహలును తరువాతి దొరలు పడగొట్టించినారు.

1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్ మనుషులతో వచ్చి రెసిడెన్సీ మీద పడినాడు. అప్పటి నుండి ఆ తోట చుట్టూ గోడలు బలిసినవి. 1947తో రెసిడెంట్ల పని తీరినది. అంత ఇల్లు తాళం పడి బూజు పట్టవలసినదే గాని, 1949లో ఆడపిల్లల కాలేజీని తెచ్చి అందులో పెట్టినారు. సింహాల నడుమ నుండి పిల్లలు పుస్తకాలు పట్టుకొని ఎక్కినారు. కప్పు కారినది, సున్నం రాలినది, ఒక దశలో లోపలికి పోవద్దన్నారు కూడా. అయినా పిల్లలున్న చోటు గనుక ఎవరో ఒకరు అర్జీ వ్రాస్తూనే వచ్చినారు. ప్రపంచ కట్టడాల నిధి వారి సాయంతో మరమ్మత్తు జరిగినది. 2022లో ఆ కాలేజీ విశ్వవిద్యాలయమైనది. ఇప్పుడు దానికి చాకలి ఐలమ్మ పేరు.

మన హోసూరు పక్కన తొరపల్లిలో 1878లో ఒక మునసబు గారికి పుట్టిన పిల్లవాడు 1948లో గవర్నరు జనరలై ఢిల్లీలో 340 గదుల ఇంటికి పోయినాడు. ఆ ఇంటిని కట్టిన లుట్యెన్స్ దొర ఇంగ్లండులో పల్లె భవనాలు కట్టి పేరు తెచ్చుకొన్నవాడే. రాజాజీ వైస్రాయి పడకగదులు చూచి, ఇవి నాకు వద్దని ఒక మూల కొద్ది గదులలో సర్దుకొన్నారు. వైస్రాయి గదులు వచ్చే అతిథులకు పోయినవి, నేటికీ రాష్ట్రపతులు ఉండేది రాజాజీ ఎంచుకొన్న వైపే. ఇంటి వాడకం మార్చడానికి సుత్తి అక్కరలేదు, పక్క గదిలో చాప వేసుకొంటే చాలునని మునసబు కొడుక్కు తెలిసినది.

ఇవన్నీ మరునాడు మా చిన్నాయన కొడుకుకు చెప్పినాము. వాడు ఓపికగా విని, "సరే అన్నా, మన ఇంట్లో ఎవరున్నారు? కాలేజీ పెడతావా?" అన్నాడు.

కాలేజీ లేదు గాని, బడి ఉన్నది. రిటైరైన ఒక పంతులుగారు శనివారాలు మా అరుగు మీద ఏడెనిమిది మంది పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దిస్తున్నారు. తాళంచెవి మేమే ఇచ్చినాము. 2006 చట్టం వచ్చిన మీదట ఇక్కడి పిల్లలందరూ బడిలో తమిళం తప్పక చదువుకోవలెను. చదువుకోవలసినదే, మేమున్నూ చదివితిమి, దానితోనే అన్నం తింటున్నాము. తెలుగు మాత్రం ఇంటి మీద పడినది. ఇల్లే లేకపోతే అరుగు ఎక్కడిది?

మా చిన్నమ్మ అంతవరకూ వింటూ కూర్చున్నది. "వానలో పిల్లోళ్లు తడుస్తా ఉండారంట గదా, ముందు ఆ మూల పెంకులు మార్చండి, అమ్మేది తర్వాత చూద్దాం" అన్నది. నాటు పెంకులు ఇప్పుడు చేసేవాళ్లు లేరు. కూల్చిన ఇళ్ల నుండి ఏరుకోవలసినదే. బేరిగ వైపు ఎవరో ఇల్లు విప్పుతున్నారని తెలిసి, రెండు వేల పెంకులకు మాట్లాడి వచ్చినాము. ఒకరి ఇల్లు కూలితే గాని మా కప్పు నిలవదు, ఏమి చేసేది?

మా చిన్నాయన కొడుకు వచ్చే ఆదివారం పెంకులు దించడానికి వస్తానన్నాడు. స్తంభాల బేరం దసరా వరకు వాయిదా. వస్తూ కొలత టేపు తెస్తాడేమో తెలియదు.