టీవీ సరే, వాయిదా ఎవరి పేరున?

ఇంట్లో ఒకరు బీటెక్‌లో చేరితే చాలు, చుట్టాల్లో ఎవరు టీవీ కొన్నా సలహాకి వాళ్లనే పిలుస్తారు. చదివేది సివిల్ అయినా సరే. "ఏరా, ఏ టీవీ తీసుకోమంటావు?" అని పెదనాన్న ఫోన్ చేస్తాడు. "నువ్వూ రారా, నువ్వుంటే రేటు తగ్గిస్తారు" అని పిన్ని అంటుంది. నూజివీడు రోడ్డు, గుడివాడ రోడ్డు ఊళ్లవాళ్లు ఇలాంటి కొనుగోళ్లకి మా హనుమాన్ జంక్షన్‌కే వస్తారు. (2001లో సినిమా వచ్చాక బయటివాళ్లకి పేరు తెలిసింది గానీ, మాకు ఇది ఎప్పుడూ బజారే.)

ఇప్పుడు షాపులో అడుగుపెట్టగానే వినిపించే మాట: "జీఎస్టీ తగ్గింది సార్, 43 తీసుకోండి." తగ్గిన మాట నిజమే. 2019 జనవరి నుంచి 32 అంగుళాల వరకు 18 శాతం, అంతకు మించితే 28 శాతం పన్ను ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అన్నిటికీ 18 శాతమే. పన్ను కాకుండా 20 వేలు ఉన్న టీవీ 25,600 నుంచి 23,600కి దిగింది. మిగిలింది 2 వేలు. ఆ 2 వేలు మిగుల్చుకోవడానికి, 32 అంగుళాల దాంతో పోయే పనికి ఇంకో పది వేలు పెట్టమంటున్నారు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఇదే మొదటి హెచ్‌డీ టీవీ, మీకింకా ఉద్యోగం రాలేదు అంటే 32 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ, చేతిలో ఉన్న డబ్బుతో. వాయిదాల మీద వద్దు.

ఎందుకో లెక్క చూద్దాం. మామూలు చూపు ఉన్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకే రెండు చుక్కల్ని విడదీసి చూడగలదు. 32 అంగుళాల తెర వెడల్పు సుమారు 71 సెంటీమీటర్లు. హెచ్‌డీ రెడీలో ఆ వెడల్పున 1366 చుక్కలుంటాయి, అంటే ఒక్కోటి అర మిల్లీమీటరు. ఆరడుగులు దాటి కూర్చుంటే ఆ చుక్కలు కంటికి విడిగా కనపడవు. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీకీ దాదాపు అదే దూరం. ఆ సైజులో 4కే గొప్పతనం తెలియాలంటే ఐదున్నర అడుగుల లోపే కూర్చోవాలి. మన ఇళ్లలో గోడకి టీవీ, ఎదుటి గోడకి మంచం. టేపు పెట్టి కొలుచుకోండి, ఎనిమిది అడుగులకి తక్కువ రాదు.

ఇక ఆ తెర మీదకి వచ్చే బొమ్మ సంగతి. కేబుల్‌లో ఎస్‌డీ చానల్ బొమ్మంటే 720 బై 576, మొత్తం నాలుగు లక్షల చుక్కలు. 4కే తెరకి కావాల్సినవి 83 లక్షలు. ఇరవై చుక్కల్లో పందొమ్మిదింటిని టీవీ తనంతట తానే ఊహించి నింపుకోవాలి. అమ్మ చూసే సీరియల్ కొత్త టీవీలో అలికేసినట్టు కనిపించేది ఇందుకే. "పాత డబ్బా టీవీయే నయం" అని ఆవిడ అంటే నవ్వకండి, ఆవిడ చెప్పేది సరైనదే. నెట్ పెట్టి 4కే చూద్దామంటే గంటకి 7 జీబీ దాకా పోతుందని నెట్‌ఫ్లిక్సే చెబుతోంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే ఇంట్లో రోజూ వచ్చే 2 జీబీ సినిమా సగం కూడా కాకముందే అయిపోతుంది.

మరి హెచ్‌డీ రెడీ చాలదా, ఫుల్ హెచ్‌డీ ఎందుకు? అమ్మానాన్నలకి చాలు. మీకు చాలదు. ప్లేస్‌మెంట్ల కోసం కోడింగ్ చేసేవాళ్లకి ఆ టీవీయే రెండో మానిటర్ అవుతుంది. రెండడుగుల దూరంలో కూర్చుని ల్యాప్‌టాప్ తగిలిస్తే హెచ్‌డీ రెడీలో అక్షరాలు మసకబారతాయి, ఎందుకంటే 1080 గీతల బొమ్మని టీవీ 768లోకి కుదిస్తుంది. ఇక్కడ ఓ తిరకాసుంది. కొన్ని పెట్టెల మీద "ఫుల్ హెచ్‌డీ సపోర్ట్" అని ఉంటుంది. అది లోపలికి తీసుకునే సిగ్నల్ మాట, తెర మాట కాదు. ప్యానెల్ రిజల్యూషన్ 1920 బై 1080 అని రాసుంటేనే నమ్మండి. 32లో అలాంటి మోడళ్లు తక్కువ. షాపులో లేదంటే ఆన్‌లైన్‌లో వెతకాలి, అప్పుడు సర్వీస్ మనిషి మన ఊరు వస్తాడా, టీవీని మనమే విజయవాడ మోసుకెళ్లాలా అన్నది ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ప్యానెల్ పోతే దాని ఖరీదు ఇంచుమించు కొత్త టీవీ అంత. షాపులో వేసే నెమళ్లు, జలపాతాల వీడియో చూసి మోసపోవద్దు, మీ ఇంట్లో వచ్చే చానలే పెట్టమనండి. పక్కకి జరిగి కూడా చూడండి. అరుగు మీంచి చూసేవాళ్లూ ఉంటారు కదా.

అసలు భయం ఇదంతా కాదు. టీవీ నచ్చాక బిల్లు దగ్గర అడుగుతారు: "జీరో వడ్డీ సార్, ఆధార్, పాన్ ఉంటే చాలు." నాన్నకి పాన్ ఉండదు, లేదా పాత పంట అప్పు ఉంటుంది. అందరూ మీ వైపు చూస్తారు.

ఉదాహరణకి, రొక్కానికి 22,500కి ఇచ్చే టీవీని వాయిదాల్లో 24 వేలకి, నెలకి 2 వేల చొప్పున ఏడాదికి ఇచ్చారనుకోండి. ఫైలు ఖర్చు 500, దాని మీద జీఎస్టీ 90. జీరో వడ్డీ అన్న ఆ అప్పు ఏడాదికి సుమారు 17 శాతం పడుతుంది. జీరో వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకి చెప్పింది.

వడ్డీ పోతే పోయింది. పేరు పోతే? ఐబీపీఎస్ నోటిఫికేషన్ చివరి దాకా చదివితే క్రెడిట్ చరిత్ర గురించి ఓ నిబంధన కనిపిస్తుంది. చేరే నాటికి సిబిల్ సరిగ్గా ఉండాలి, లేదంటే బాకీ లేదని అప్పిచ్చినవాళ్ల దగ్గర కాగితం తేవాలి. స్టేట్ బ్యాంకు ఒక అభ్యర్థి నియామకాన్ని ఈ కారణంతోనే రద్దు చేస్తే, అప్పులన్నీ తీర్చేశానని అతను వాదించినా 2025లో మద్రాస్ హైకోర్టు బ్యాంకు పక్షానే నిలిచింది. పైగా అప్పిచ్చినవాళ్లు 15 రోజులకోసారి క్రెడిట్ సంస్థలకి వివరాలు పంపాలన్న నిబంధన 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది. కోచింగ్ ఫీజు కట్టిన నెలలో వాయిదా ఒకటి తప్పితే ఆ మచ్చ వెంటనే పడుతుంది. జంక్షన్‌లో బ్యాంకు పరీక్షలకి చదివే పిల్లలు ఇంటికొకరుంటారు. టీవీ కోసం ఆ చదువుని పణంగా పెట్టడం నాకు అర్థం కాదు.

పెద్ద టీవీయే కావాలని ఇంట్లో పట్టుబడితే, వాయిదా జీతం వచ్చేవాళ్ల పేరున రాయించండి. ఇప్పటికే మీ పేరున నడుస్తుంటే చివరి వాయిదా కట్టిన రోజే బాకీ లేదన్న కాగితం అడిగి తీసుకుని, టెన్త్ మెమోతో పాటు అదే ఫైల్లో పెట్టుకోండి.