పల్లెకు ఫోను చాలునా?

"పల్లెలో ఉండేవాడికి ఫోను చాలదూ, ల్యాప్‌టాపు ఎందుకు?" అనే మాట చదువుకున్నవారి నోటనే ఎక్కువగా వినబడుతోంది. దానికి తోబుట్టువు వంటి మాట ఇంకొకటి ఉంది: "కొంటే పెద్దదే కొనాలి, పెట్టిన డబ్బుకు వస్తువు కనబడాలి." గడివేముల నుండి నంద్యాలకు వెళ్ళి ల్యాప్‌టాపు కొనదలచిన కుర్రవాడికి ఈ రెండు సలహాలే ఎదురవుతాయి. రెండూ తప్పేనని నా వాదన.

మొదట ఫోను సంగతి. ఫోనులో తెలుగు చదవవచ్చు, ఒకటి రెండు వాక్యాల జవాబూ వ్రాయవచ్చు. కానీ కీబోర్డు తెరలో సగాన్ని ఆక్రమించాక మిగిలిన జానెడు జాగాలో నాలుగు పేజీల వ్యాసం ఎట్లా వ్రాస్తారు? పైన ఏమన్నామో కనబడదు, కింద ఏమనబోతున్నామో తోచదు. పేరాను ఎత్తి మరొకచోట పెట్టడం గగనమే. ఫోను మనిషిని పాఠకుణ్ణి చేసి అక్కడే కూర్చోబెడుతుంది. ఈ సలహా ఇచ్చేవారిలో తమ వ్యాసాలు ఫోనులో వ్రాసుకునేవారు ఎందరో ఒకసారి అడిగి చూడండి.

ఇక పెద్ద యంత్రం. 15.6 అంగుళాల ల్యాప్‌టాపులు చాలావరకు రెండు కిలోలకు అటూ ఇటూ తూగుతాయి. ఛార్జరు బరువు అదనం. పుస్తకాలు, అన్నం డబ్బాతో పాటు దానిని సంచిలో వేసుకుని రోజూ బస్సులో నిలబడి వెళ్ళేవాడు రెండు వారాలకే దానిని ఇంట్లో వదిలేస్తాడు. అప్పుడది ల్యాప్‌టాపు కాదు, బల్లకు అంటిపెట్టుకున్న డెస్క్‌టాపు. 13, 14 అంగుళాల వాటిలో 1.2 నుండి 1.4 కిలోల లోపువి దొరుకుతున్నాయి. రోజూ మోసే భుజానికి ఆ తేడా ఎంతో తెలుసు. వీడియోలు కూర్చేవారికీ, ఇంజనీరింగు బొమ్మలు గీసేవారికీ, చూపు మందగించిన పెద్దలకూ పెద్ద తెరే కావాలి, కాదనను. కానీ వారి అవసరాన్ని అందరి నెత్తినా రుద్దడమెందుకు?

2007లో ఆసుస్ సంస్థ ఈ-పీసీ అనే బుల్లి ల్యాప్‌టాపును తెచ్చింది. 7 అంగుళాల తెర, 4 జీబీ నిల్వ, కిలోకు లోపు బరువు. ఆటవస్తువని నవ్వినవారున్నారు. తరువాత చాలా పెద్ద కంపెనీలు అదే దారి పట్టాయి. ఇంతలో 2010లో ఐప్యాడ్ వచ్చింది, 2011లో మన ప్రభుత్వం ఆకాశ్ టాబ్లెట్టును ప్రకటించింది, 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. పిల్లలకు పాఠం చూపించాలన్న తపన మంచిదే. కానీ కీబోర్డు లేని ట్యాబు ఇవ్వడం, పలక చేతికిచ్చి బలపం దాచుకోవడం వంటిది.

తెలుగువాడు తెరను ఎంచుకోవడంలో మరొక మెలిక ఉంది. మన లిపి నిలువుగా పెరుగుతుంది. 'రాష్ట్రం', 'స్వాతంత్ర్యం' వంటి మాటల్లో ఒత్తు కింద ఒత్తు చేరుతుంది, పైన గుడి, దీర్ఘం ఉంటాయి. అందుచేత ఇంగ్లీషు కన్నా తెలుగు వరుసకు ఎత్తు ఎక్కువ కావాలి. ఇంగ్లీషు అక్షరాలను చూసి తెరలకు మార్కులు వేసే సమీక్షకులకు ఈ బాధ తెలియదు. 1366×768 తెర మీద మెనూలూ పట్టీలూ పోగా మనకు మిగిలే వరుసలు కొద్ది. తెర చిన్నదైనా ఫరవాలేదు, పొట్టిదిగా ఉండకూడదు. 16:10 లేక 3:2 నిష్పత్తి ఉన్నదానిని వెతకండి.

దుకాణంలో అడగవలసినవి ఇంకా కొన్ని ఉన్నాయి. పలుచని వాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తరువాత పెంచుకోలేము. అందుకని ముందే 8 జీబీకి తగ్గకుండా చూసుకోండి. విండోస్ 11కు 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ చాలునని పెట్టె మీద ఉంటుంది. అది ప్రాణం నిలవడానికే గాని పని చేయడానికి కాదు. డబ్బు చాలకపోతే ఆఫీసుల్లో వాడి అమ్మేసిన చిన్న ల్యాప్‌టాపులు మేలు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిసింది గనుక, విండోస్ 11ను అందుకోలేని పాతవాటిలో లినక్సు వేసుకోండి. తెలుగు చక్కగా కనబడుతుంది, ఇన్‌స్క్రిప్టులో చక్కగా వ్రాయవచ్చు.

కరెంటు మాట కూడా వస్తుంది. గాలివానకు కరెంటు పోయినా చిన్న ల్యాప్‌టాపు ఒక పూట లాక్కొస్తుంది. యూఎస్‌బీ-సీ ఛార్జింగు ఉంటే ఫోనుకూ దానికీ ఒకే ఛార్జరు. గడివేముల మండలంలోని గని, ఓర్వకల్లు మండలంలోని శకునాల ప్రాంతంలో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది. అది పూర్తి సామర్థ్యంతో ఒక్క గంట పనిచేస్తే, 50 వాట్-అవర్ల బ్యాటరీలు, నష్టాలు వదిలేసి లెక్కవేస్తే, 2 కోట్లు నిండుతాయి. ఇంత వెలుగును దేశానికి పంపే నేల మీది పిల్లవాడికి వ్రాసుకునే యంత్రం అనవసరమని చెప్పడం దీపం కింద చీకటి కాక మరేమిటి?

ఆ నల్లరేగడి సంగతులు, అక్కడి మాట, అక్కడి కోపం అక్కడివాళ్ళే వ్రాయాలి. లేకపోతే ఊరివాళ్ళ తరఫున నగరంలో కూర్చున్నవాడు వ్రాస్తాడు, ఊరివాడు దానిని ఫోనులో చదువుకుంటాడు. నాకు అభ్యంతరం అక్కడే. కాదనేవారు వాదనకు రావచ్చు, కానీ ఆ వాదన ఫోనులోనే టైపు చేసి పంపాలి!